కళ్ళలోకి కారని క్రీము

ముప్ఫై ఎనిమిది మిల్లీమీటర్లు. ఆమె పుస్తకంలోని అంకెల్ని కింది నుంచి పైకి ఇంకోసారి కూడింది. మళ్ళీ ముప్ఫై ఎనిమిదే.

పొద్దున్న ఏడింటికి సర్వే ఆఫీసు గేటు పక్కనున్న గుర్తురాయి మీద కొలత కర్ర నిలబెట్టి మొదలుపెట్టిన లైను అది. రేవు రోడ్డు వెంట తూర్పుగా పంపు హౌసు దాకా వెళ్ళి, భోజనాలయ్యాక అదే దారిన వెనక్కి వచ్చి, మళ్ళీ అదే రాయి మీద కర్ర పెడితే పొద్దున్న రాసుకున్న ఎత్తే రావాలి. రాయి పొద్దుటికీ సాయంత్రానికీ పెరగదు కదా. పన్నెండు మిల్లీమీటర్ల దాకా తేడా వస్తే ఆఫీసు మన్నిస్తుంది. ముప్ఫై ఎనిమిదిని నమ్మి మురుగు కాలవ తవ్వితే, ఆ నీళ్ళు సముద్రంలోకి పోవడం మాని ఎవరి గుమ్మం ముందో తిష్ఠ వేస్తాయి.

"ఏదీ, చూపించు," అన్నాడు ఇంజనీరు. పుస్తకం చూపించమన్నవాడు పుస్తకం చూడలేదు. ఆమె ముఖం చూశాడు. చెంపల మీద నుంచి తెల్లటి చారలు చెమటతో కలిసి మెడ దాకా దిగి, కాలరు మీద ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఏమిటమ్మా ఆ పూత?"

"ఎండకి రాసుకునే క్రీము సార్. నాకు ఎండ పడటం లేదు. బుగ్గల మీద దద్దుర్లు వస్తున్నాయి. క్రీము లేకుండా ఎండలోకి వెళ్ళొద్దన్నాడు డాక్టరు."

"కళ్ళలోకి కారుతోందా?"

"కారుతోంది. తుడుచుకుని చూస్తున్నాను."

"కళ్ళలో నీళ్ళు పెట్టుకుని చూస్తే మూడు ఎనిమిదిలా కనపడుతుంది. క్రీమో, కొలతో, ఏదో ఒకటి తేల్చుకో." ఆయన గొంతు తగ్గించాడు. "శనివారం సాయంత్రానికి లైను కలవకపోతే సోమవారం నుంచి నువ్వు రికార్డు గదిలో కూర్చో. నీడపట్టున ఉంటావు. నీ ఆరోగ్యానికీ మంచిదే."

ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని తేలికపడొచ్చు. తన ఆరోగ్యం బాగు కోరి మరీ ఉద్యోగం మారుస్తానన్న మనిషిని ఏమని తిట్టుకుంటుంది?

నిరుడు వానల్లో ఆ గదిలో మూడు వారాలు కూర్చుంది. కిటికీలు తెరుచుకోవు. పాత నక్షాలు విప్పడం, దుమ్ము దులపడం, చుట్టడం. మధ్యాహ్నానికల్లా ఆమెకి తన గొంతు తనకే కొత్తగా వినపడేది. బయట రోడ్డు మీద మూడు కాళ్ళ స్టాండు నాటి, లెవెల్ యంత్రంలో బుడగ మధ్యకి వచ్చేదాకా మరలు తిప్పి, ఒక కన్ను మూసి రెండో కన్ను అద్దానికి ఆనించినప్పుడు, దూరంగా ఉన్న కర్ర మీద అంకె మసక వీడి నిలబడే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణం కోసమే ఆమె ఈ ఉద్యోగం చేస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నవ్వుతారు.

ఆవరణలో కర్ర పట్టుకునే బాబాయ్ గుడ్డతో కర్ర తుడుస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఆఫీసులో కర్ర పట్టింది ఆయనే. చుట్టం కాడు, కానీ ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

"ఏమన్నాడే సుద్దముక్కా?" అన్నాడు. మొదటి రోజు తెల్లటి క్రీము చూసినప్పుడు పెట్టిన పేరది.

"శనివారం దాకా గడువిచ్చాడు."

బాబాయ్ నవ్వబోయి మానేశాడు. కర్ర మీద లేని మట్టిని కాసేపు తుడిచాడు.

*

ఆమె ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు ఆ తెల్ల క్రీము గొట్టాన్ని చేత్తో పట్టుకుని వీధి తలుపు దగ్గర నిలబడి ఉంది. తలుపుని ముందుకీ వెనక్కీ ఆడిస్తోంది. నెల్లాళ్ళుగా కిర్రుమంటున్న తలుపు ఇప్పుడు కిక్కురుమనడం లేదు.

"నీ ముఖానికి పనికిరాకపోయినా బందుకి బ్రహ్మాండంగా పనికొచ్చింది," అంది అత్తగారు. "ఇంత మందంగా ఉన్నది ఈ ఉక్కలో మనిషి ఎట్లా రాసుకుంటుందే? ఊపిరాడొద్దూ?"

ఉక్క సంగతి నిజమే. సముద్రం పక్క ఊరు. గాలి కదలదు. పొద్దున్న ఏడింటికే చొక్కా వీపుకి అతుక్కుంటుంది. ఆరేసిన బట్టలు మర్నాటికి గాని ఆరవు. ఇక ముఖం మీద వేలి మందం పూత నిలవమంటే ఎలా నిలుస్తుంది?

ఆమె బజారుకి వెళ్ళింది. అద్దాల తలుపులున్న సౌందర్య సామగ్రి షాపులో అమ్మకాల పిల్ల తలెత్తకుండానే ఒక స్ప్రే సీసా ఇచ్చింది. "నీళ్ళలా ఉంటుంది మేడమ్. అందరూ ఇదే తీసుకుంటున్నారు." చేతి మీద కొట్టి చూపించింది. చల్లగా, హాయిగా ఉంది. ఏసీ గదిలో ఏది రాసుకున్నా హాయిగానే ఉంటుందన్న ముక్క ఆమెకి బయటికొచ్చాక గాని తట్టలేదు.

గురువారం పొద్దున్న ఆ స్ప్రేతో ముఖం అద్దంలా మెరిసింది.

"నిన్న సుద్దముక్క, ఇవాళ నూనె మూకుడు," అన్నాడు బాబాయ్, కర్ర భుజాన వేసుకుంటూ.

పదింటికల్లా మబ్బు వీడి ఎండ ముదిరింది. యంత్రానికి ఎండ తగిలితే కొలత మారుతుందని ఆఫీసు దానికొక పెద్ద గొడుగు ఇచ్చింది. స్టాండు పక్కన బిగిస్తే యంత్రం మీదా, అదృష్టం బాగుంటే ఆమె కుడి భుజం మీదా నీడ పడుతుంది. కర్ర పట్టుకునే మనిషికి రెండు చేతులూ కర్రకే సరిపోతాయి కాబట్టి ఆయనకి గొడుగు ప్రసక్తే లేదు. తలకి తువ్వాలు చుట్టుకుంటాడు. మనుషులకి ఎండ తగిలితే ఏం మారుతుందో ఆఫీసు ఎక్కడా రాసుకోలేదు.

పదకొండు గంటలకి కన్ను పెట్టే అద్దానికి జిడ్డు అంటింది. తుడిచింది. మళ్ళీ అంటింది. మూడోసారి అంకెల చుట్టూ వెలుగు చెదిరి, పొగమంచులో చూసినట్టుంది. ఆమెకి ఒళ్ళు మండింది. కొళాయి దగ్గరికి వెళ్ళి ముఖం సబ్బుతో కడిగేసుకుంది. ఏమీ రాసుకోకుండా, కళ్ళలోకి దిగే ఉప్పు చెమట తుడుచుకుంటూ మధ్యాహ్నమంతా పనిచేసింది. కొలత కోసం ఒక్క పూట దద్దుర్లు భరిద్దామనుకుంది.

సాయంత్రం కూడితే ముప్ఫై ఒకటి.

బుగ్గలు అప్పటికే పొంగి, చురచురమంటున్నాయి. క్రీము ఉన్నా కలవలేదు, లేకపోయినా కలవలేదు. మరైతే తప్పెక్కడ? తన కళ్ళదేనా? రికార్డు గదిలో నక్షాలు చుట్టడమే తన గీత కాబోలు అనుకుంది.

*

ఇంటి మలుపులో మందుల షాపు ఉంది. దద్దుర్లకి ఏదైనా రాసుకుందామని ఆగింది. షాపామె ముక్కు మీదకి జారిన కళ్ళద్దాల మీంచి ఆమె బుగ్గల్ని చూసి, "మీరేం పని చేస్తారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు. డాక్టరు వేయలేదు, స్ప్రే అమ్మిన పిల్ల వేయలేదు. ఆమె స్టూలు మీద కూర్చుని అంతా చెప్పింది. ఎండ, ఉక్క, ఒక కన్ను మూయడం, అద్దానికి జిడ్డు, శనివారం గడువు. షాపామె ఇద్దరు ముగ్గురికి మాత్రలు కత్తిరించి ఇస్తూనే విన్నది.

"పొద్దున్న క్రీముకి ముందు ఏం రాస్తారు?"

"లోషను."

"తర్వాత?"

"పౌడరు. తెల్ల మరకలు కనపడకుండా."

"మూడు పొరలు వేస్తే గోడకైనా పెచ్చులూడతాయమ్మా." షాపామె లోపలి అరలోంచి సన్నటి గొట్టం ఒకటి తెచ్చి, ఆమె మణికట్టు మీద బఠాణీ గింజంత పెట్టింది. లేత రంగు జెల్. వేలితో రెండుసార్లు రాసేసరికి ఎటు పోయిందో తెలియలేదు. చర్మం చర్మంలాగే ఉంది. "దీన్ని అయిదు నిమిషాలు అలాగే ఉంచుకోండి. ఇక్కడ ఫ్యాన్ లేదు, చెమట పడుతుంది. అప్పుడు చెప్పండి."

అయిదు నిమిషాల తర్వాత మణికట్టు మీద చెమట చుక్కలు పూసలు కట్టాయి. తెల్లగా లేవు, జిడ్డుగా లేవు.

"డబ్బా మీద మూడు చూసుకోండి. ఎస్‌పీఎఫ్ అంకె ముప్ఫైకి తగ్గకూడదు, ఇది యాభై. రెండు రకాల కిరణాల్నీ ఆపుతుందని ఉండాలి. చెమటకి నిలుస్తుందని ఉండాలి. మిగతా బొమ్మలూ పూలూ మనకనవసరం. కడుక్కుని, తుడుచుకుని, ఉత్త ముఖం మీద రాయండి. రెండు వేళ్ళ పొడుగునా పిండితే ఎంతొస్తుందో అంత, ముఖానికీ మెడకీ. పిసినారితనం పనికిరాదు. ఇరవై నిమిషాలు ఆగి బయల్దేరండి. రెండు గంటలకోసారి చెమటని గుడ్డతో అద్ది, రుద్దకుండా అద్ది, మళ్ళీ రాయండి."

"కళ్ళలోకి?"

"దానికి వేరే." పిల్లలు కాగితాలు అతికించే గమ్ స్టిక్ లాంటి చిన్న కడ్డీ తీసింది. "ఇది మైనంలా ఉంటుంది. కనుబొమల పైనా, కళ్ళ చుట్టూ ఎముక మీదా, ముక్కు మీదా. అక్కడ జెల్ వద్దు. ఇది కదలదు. ఇవాళ మాత్రం ఆ దద్దుర్లకి ఈ మందు ఒక్కటే. రేపు ముందు చెవి కింద కొంచెం రాసి చూసుకుని, మండకపోతేనే ముఖానికి."

ఆమె రెండూ సంచిలో వేసుకుంది. నమ్మకం కుదిరిందని కాదు. కానీ తన పని గురించి ఒక మనిషి అంతసేపు వినడం వల్ల సగం బరువు దిగింది.

*

శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి ఆమె ఉన్నట్టుండి ఒక విషయం గమనించింది. పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా కళ్ళు తుడుచుకోలేదు. చెవి కింద రాసి చూసి, మండకపోయేసరికి పొద్దున్నే ముఖానికి జెల్ పట్టించింది, తర్వాత మూడుసార్లు మళ్ళీ రాసుకుంది, చెమట కాలవలు కట్టింది, భుజం మీది గుడ్డ తడిసి ముద్దయింది. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. కన్ను పెట్టే అద్దం తేటగా ఉంది. రోడ్డు మధ్యలో నిలబడి పెద్దగా నవ్వాలనిపించింది. బాబాయ్ దూరంగా ఉన్నాడు కాబట్టి సరిపోయింది గాని, చూసి ఉంటే ఇంకో పేరు పెట్టేవాడు.

పంపు హౌసు నుంచి వెనక్కి తిరిగారు. ఇప్పుడు నడక పడమటికి. ఆమె ముందుకు వెళ్ళి యంత్రం నాటింది. బాబాయ్ వెనక, తూర్పు వైపున, కర్ర నిలబెట్టి ఆమె వైపు తిరిగాడు.

అద్దంలో కన్ను పెట్టింది. అడ్డగీత మీద అంకె, రెండు పాయింట్ ఎనిమిది నాలుగు ఆరు. అలవాటు ప్రకారం రాసుకుని కదిలిపోవాల్సింది. నీళ్ళు నిండిన కంటికి రెండ్రోజులుగా అంకె దొరకడమే గగనమైంది, దొరికిందే చాలని రాసేసుకుంది. ఇవాళ కన్నుకి తొందర లేదు. అంకె చూశాక కూడా అది అక్కడే ఉండిపోయింది.

కర్ర ఒరిగి ఉంది. అద్దంలోని నిలువుగీతకీ కర్ర అంచుకీ మధ్య పైన సందు కనపడుతోంది. కర్ర వెనక బాబాయ్ ముఖం పక్కకి తిప్పుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. కర్రకి బిగించిన బుడగని చూడాల్సిన మనిషి భుజంలోకి గడ్డం దాచుకున్నాడు. పడమటి ఎండ తిన్నగా ఆయన ముఖం మీద పడుతోంది. ముక్కు మీదా చెంప ఎముక మీదా చర్మం లేచిపోయి, లోపల ఎర్రగా పచ్చిగా ఉంది. రోజూ పక్కన కూర్చుని అన్నం తింటోంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"బాబాయ్, బుడగ చూడు," అని కేకేసింది.

ఆయన ఉలిక్కిపడి కళ్ళు తెరిచి కర్ర సరిచేశాడు. అద్దంలో అంకె దిగింది. రెండు పాయింట్ ఎనిమిది నాలుగు ఒకటి.

అయిదు మిల్లీమీటర్లు. ఒక్క చోట. ఒరిగిన కర్ర మీద అంకె ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. వెనక్కి వచ్చే దారిలో యంత్రం పడమరా, కర్ర తూర్పూ అయ్యే ప్రతిచోటా ఎండ ఆయన ముఖానే. కర్ర యంత్రానికి ముందు, పడమర వైపు నిలబడ్డప్పుడు ఎండ వీపుకి. అప్పుడు తిన్నగానే పట్టుకుంటాడు. ఒక్కోచోట రెండో, మూడో, అయిదో. పది పన్నెండు చోట్లు కలిస్తే ఎంతవుతుందో కూడిక అక్కర్లేకుండానే తెలిసిపోయింది.

మొదట వచ్చింది సంతోషం. తన కళ్ళది తప్పు కాదు. ఆ సంతోషం ఎంత పెద్దదంటే, దాని వెనకే వచ్చిన కోపం పట్టడానికి చోటు చాల్లేదు. యంత్రం దగ్గర నుంచి నడిచి ఆయన దగ్గరికి వెళ్ళేసరికి ఆ కాస్త కోపమూ పోయింది. దగ్గర నుంచి ఆ చెంప ఇంకా ఘోరంగా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?"

"రెండు నెలలు. ఈ వారం మరీ ముదిరింది."

"చెప్పొచ్చుగా."

"చెబితే?" బాబాయ్ తువ్వాలు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "కర్ర పట్టడానికి పనికిరాడని రాస్తారు. నాకు వచ్చింది ఇదొక్కటే. ఎండ ముఖాన కొడితే కారం చల్లినట్టుంటుందే అమ్మాయ్. తిన్నగానే పట్టుకున్నాననుకుంటున్నా. మెడ దానంతటదే తిరిగిపోతోంది." నేల చూస్తూ అడిగాడు. "నీ లైను కలవంది నా వల్లేనా?"

అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేక కర్ర మీది బుడగ వంక చూసింది. ఆ చూపే ఆయనకి సరిపోయింది.

"పద," అంది ఆమె. "ఇవాళ్టికి పని చాలు. డాక్టరు దగ్గరికి పద."

"ముసలాడి ముఖానికి డాక్టరెందుకే? నేనేమన్నా పెళ్ళిచూపులకి వెళ్ళాలా?"

"మాట్లాడకుండా పద."

డాక్టరు దీపం పెట్టి, భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఆ చాలాసేపట్లో ఆమె చెడ్డవన్నీ ఊహించేసింది. బాబాయ్ తువ్వాలు అంచు మెలిపెడుతూ కూర్చున్నాడు. చివరికి డాక్టరు దీపం ఆర్పి, "ఎండ దెబ్బే. భయపడేదేం కాదు," అన్నాడు. "ముఖం బట్టతో కప్పుకునే ఎండలోకి వెళ్ళు. పుండు మీద ఈ మందు. పుండు లేని చోట, మెడకీ చెవులకీ చేతులకీ, రోజూ ఎండ క్రీము. ఇన్నేళ్ళూ రాసుకోలేదా?"

"అది ఆడపిల్లలు రాసుకునేది కదండీ," అన్నాడు బాబాయ్.

"ఎండకి ఆ తేడా తెలీదు," అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక బాబాయ్ మెట్ల మీద కూర్చుని గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడర్థమైంది ఆమెకి, తనకంటే ఎక్కువ చెడ్డవి ఆయన ఊహించుకున్నాడని.

*

శనివారం లైను మొదలుపెట్టేముందు, ఆఫీసు వెనక కొళాయి దగ్గర బాబాయ్ ముఖం కడుక్కుని బుద్ధిగా నిలబడ్డాడు. ఆమె జెల్ పిండింది. ఆయన దాన్ని వేలి కొసతో ముట్టుకుని, వాసన చూసి, రెండు చేతులకీ మెడకీ రాసుకున్నాడు. చెవులు మర్చిపోయాడు. గుర్తుచేస్తే చెవి తమ్మెకి మాత్రం చుక్క పెట్టుకున్నాడు. ఆమె గొట్టం లాక్కుని చెవి పైఅంచుకీ వెనకకీ తనే రాసింది. ముక్కూ చెంపలూ పుండు తగలకుండా పల్చటి గుడ్డతో కప్పి కట్టింది.

"బందిపోటులా ఉన్నానా?"

"బుడగ చూడగలుగుతున్నావా లేదా?"

"చూస్తున్నా."

ఎండ మామూలుగానే కాసింది. ఉక్క మామూలుగానే ఉంది. మధ్యాహ్నం పడమటికి తిరిగాక ఆమె ప్రతిచోటా ముందు నిలువుగీత చూసింది, తర్వాతే అంకె చూసింది. గీత పక్కన కర్ర అంచు సందు లేకుండా నిలబడింది. అయిదింటికి గుర్తురాయి దగ్గర ఆఖరి అంకె రాసి, రోడ్డు పక్కనే చతికిలబడి కూడింది.

నాలుగు మిల్లీమీటర్లు.

పుస్తకం బాబాయ్‌కి చూపించింది. ఆయనకి కూడిక రాదు. ఆమె ముఖం చూసి తెలుసుకున్నాడు.

కొత్త జెల్, కడ్డీ వాడానని ఆమె చెబుతుంటే వింటూ, ఇంజనీరు ఈసారి పుస్తకమే చూశాడు. రెండుసార్లు కూడి, కళ్ళద్దాలు తీసి, సంతోషంగా నవ్వాడు. "చూశావా? క్రీము మార్చగానే కలిసింది. నేను మొదటే చెప్పలేదూ?" అన్నాడు. "సరే, జరిగింది జరిగిపోయింది. ఇక ముందు కళ్ళు జాగ్రత్త."

ఆమె "సరే సార్" అంది. ఆ మాట అనడం ఆమెకి ఇష్టం లేదు. కానీ ఉద్యోగం నిలిచింది, బాబాయ్ చేతి నుంచి కర్ర పోలేదు. రెండూ మిగిలినప్పుడు ఒక మాట పడితే పోయిందేముంది? నిన్న క్లినిక్ మెట్ల మీదే అలా నిర్ణయించుకుంది.

"సార్," అన్నాడు గుమ్మం దగ్గర బాబాయ్. ఆయన ఆ గదిలోకి రావడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ముఖం మీది గుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. "తప్పు ఆవిడది కాదు సార్. క్రీముదీ కాదు. కర్ర వంచింది నేను. ఎండకి ముఖం తిప్పుకున్నాను. బుధవారం, గురువారం, రెండ్రోజులూ. ఆవిడ నిన్న కనిపెట్టింది. మీకు చెప్పకుండా నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది."

ఇంజనీరు ఆ ముఖం వంక చూశాడు. ఆయన కూడా మొదటిసారే చూస్తున్నాడని ఆమెకి అర్థమైంది. అంతా పాడుచేశాడు ముసలాయన అనుకుంది.

ఇంజనీరు సొరుగు లాగి, టైపు చేసి ఉన్న కాగితం ఒకటి తీశాడు. పైన ఆమె హోదా కనపడింది, కింద రికార్డు గది అన్న మాట. దాన్ని నాలుగుగా చింపి బుట్టలో వేశాడు. తర్వాత వేరే కాగితం తీసుకుని, "ఆ గొట్టం పేరేమిటి?" అని అడిగాడు. "జెల్ ఒకటీ, కడ్డీ ఒకటీ అన్నావు కదా? ఒక్కొక్కరికి నెలకి ఎన్ని పడతాయి?"

ఆమె చెప్పింది. ఆయన సామాన్ల జాబితాలో యంత్రం గొడుగు కింద కొత్త వరస కలిపి రాసుకున్నాడు. రాసి, కలం ఆపి, "తప్పెవరిదో నేను ముందే తేల్చేసుకున్నానమ్మా," అన్నాడు, కాగితం మీద నుంచి తలెత్తకుండా. "సోమవారం ఉప్పు కయ్యల కట్ట మీద లైను. ఆరు కిలోమీటర్లు. ఆయన పుండు మానేదాకా కర్ర ఇంకెవరైనా పట్టుకుంటారు. ఆయన గొడుగు చూసుకుంటూ నీ పక్కనుంటాడు. మానాక కర్ర మళ్ళీ ఆయనదే."

వరండాలోకి రాగానే ఆమె బాబాయ్ మీద విరుచుకుపడింది.

"అంతా సర్దుకున్నాక ఎందుకు చెప్పావు? పని పోయుంటే?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నీకు అదొక్కటే వచ్చన్నావుగా."

"నీకు మాత్రం వచ్చింది వేరే ఏముంది?" అన్నాడు బాబాయ్. "చెడ్డ పేరు మోసుకుంటూ ఆ అద్దంలో ఎన్నాళ్ళు చూసేదానివి?"

బుధవారం నుంచి పక్కటెముకల కింద ఏదో బిగుసుకుని ఉందనీ, అది ఇప్పుడే వదిలిందనీ తెలిసింది. అంత తేలిక పట్టలేక వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. బాబాయ్ పక్కనే చేరగిలబడ్డాడు.

"ఆ కట్ట నువ్వు చూశావా?" అని అడిగాడు.

"చూశాను. ఆరు కిలోమీటర్లలో ఒక్క చెట్టు లేదు."

"ఎన్నింటికి రమ్మంటావు?"

"ఆరున్నరకి. రాసుకున్నాక ఇరవై నిమిషాలు ఆగాలి."

"ఆరింటికే వస్తాను," అన్నాడు బాబాయ్.